కాణిపాకంలో నేనడిగిన ప్రమాణం

నా కొడుకు నాతో పోట్లాడటం మానేసినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

వాడికి మీసాలు వచ్చిన నాటి నుంచి మేమిద్దరం దేనికో ఒకదానికి గొంతు పెంచుకోని రోజు లేదు. మోటారు ఆపకుండా వచ్చాడని, ఎవరో చెప్పారని కొత్త రకం టమోటా నారు తెచ్చాడని నేను మొదలుపెడతాను. వాడు మాటకు మాట అంటాడు. కోడలు మధ్యలో దూరి, ‘‘ఇంక సాలించండి, పక్కింటోళ్లు వింటాండారు’’ అంటుంది. అలాంటిది ఆ నెలలో నేనేమన్నా ‘‘సరే మా’’ అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు పశువుల కొట్టంలో లైటు పట్టపగలు వెలుగుతోంది. అరిచాను. ‘‘సరే మా, ఆపేస్తా’’ అని పోయి ఆపేశాడు. వాడు పోయినాక నేను కొట్టం వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. చావబోయే మనిషితో తప్ప ఇంత మెత్తగా ఎవరు మాట్లాడతారు?

మా ఊరు ఐరాలకు దగ్గర. నేను మూడో తరగతి దాకా చదివాను. తెలుగు కూడబలుక్కుంటాను, అంకెలు బాగా వచ్చు, ఇంగ్లీషు రాదు. మూడేళ్ల కిందట నా ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సరన్నారు. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో రొమ్ము తీసేశారు, మందులు ఎక్కించారు, రేడియేషనని కరెంటు పెట్టారు. అవన్నీ దాటి బయటపడ్డాను. ఇప్పుడు రోజుకొక మాత్ర మింగాలి, ఆరు నెలలకోసారి పోయి చూపించుకోవాలి. ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు. అంతే.

రవికలో ఒక పక్క ఖాళీగా ఉంటే నడక కూడా వంకర పోతుంది. దానికి పెట్టుకునే మెత్తలు అంగట్లో అమ్ముతారు. దూది ముద్దకు అంత ధర ఏమిటని నేనే పాత నేత చీర ముక్కతో సంచి కుట్టుకున్నాను. బరువు కోసం కొర్రలు పోశాను. పది రోజులు బాగానే ఉంది. ఒక శనివారం భజనలో కూర్చుని ఉండగా రవికలోంచి చీమలు బారులు తీరి మెడ మీదికి వచ్చాయి. నా మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వింది. ‘‘అవ్వా, నీ రొమ్ములో చీమలు కాపురం పెట్టినాయి!’’ ఆ తర్వాత కొర్రలు తీసేసి వంకలో దొరికే నున్నటి గులకరాళ్లు దూదిలో చుట్టి కుట్టాను. ఇప్పటికీ అదే.

మొక్కు సంగతి కూడా చెప్పాలి. గడ్డ అని తెలిసిన రోజే కొండ దిక్కు తిరిగి, అలిపిరి నుంచి నడిచి వచ్చి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. అప్పుడు నా జడ నడుము దాటేది. ఇవ్వకముందే మందులు దాన్ని ఊడ్చేశాయి. దువ్వెన పెడితే గుప్పెట్లకు గుప్పెట్లు వచ్చింది. స్వామికిస్తానన్నది చెత్తకుప్పలోకి పోయిందే అని ఆ రోజు ఏడ్చాను గాని రొమ్ముకు ఏడవలేదు. మళ్లీ మొలిచి భుజాల దాకా వచ్చినాక కొండెక్కుతానని స్వామికి చెప్పుకున్నాను. తెల్లగా, రింగులు రింగులుగా మొలిచింది. అప్పటికి మెడ దాకా వచ్చింది.

ఆ నెలలో కోడలు ఈ మొక్కు వెంట పడింది.

‘‘అత్తా, ఈ వారంలోనే కొండకు పోయొద్దాం. ఈ జుట్టు సాలదా?’’

‘‘పిడికెడు ఇస్తానని మొక్కినానా?’’

‘‘స్వామేమన్నా కొలత పెట్టి సూస్తాడా?’’

‘‘ఆయన సూడడు. నేను సూస్తా.’’

ఆమె ముఖం చిన్నబోయింది. కోడలంటే పరాయి పిల్ల కాదు, నా సొంత అన్న కూతురు. మేనరికం చేసుకున్నాం. పుట్టినప్పుడు ఆమెకు మొదట నీళ్లు పోసింది నేనే. ఆమె అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది. ముక్కు కొన ఎర్రబడుతుంది.

ఇంకా కొన్ని కనిపించాయి. పండగ లేదు, పబ్బం లేదు, నాకు కొత్త చీర తెచ్చారు. సంగటిలోకి నాకిష్టమైన చెనక్కాయల ఊరిబిండి పచ్చడి కోడలు రోజు మార్చి రోజు నూరుతోంది. నేను వస్తే ఫోన్లో మాటలు ఆగిపోతున్నాయి. ఇద్దరూ రెండుసార్లు తిరుపతికి పోయి వచ్చారు. మోటారు సామానుకని చెప్పారు.

‘‘సామాను యాడరా?’’ అని అడిగాను.

‘‘దొరకలేదు మా.’’

తిరుపతిలో మోటారు సామాను దొరకలేదట. నేను నమ్మాలట.

అప్పుడు ఆసుపత్రి రోజు గుర్తుకొచ్చింది. ఆఖరుసారి చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మ నా చంకల్లో నొక్కి చూసింది. బాగుందని చెప్పి నన్ను బయట కూర్చోమంది. కోడలు లోపలే ఉండిపోయింది. తలుపు వేశారు. నా తర్వాత వంతున్న ఆమె రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చుంది. కోడలు బయటికొచ్చేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

‘‘ఏమన్నాది?’’

‘‘అంతా బాగుండాది అన్నాది అత్తా.’’

‘‘బాగుండేదానికి ఇంతసేపా? ఏడ్సినావా?’’

‘‘ఫ్యాను గాలికి కంట్లో నలక పడింది.’’

ముక్కు కొన ఎర్రగా ఉంది.

ఇవన్నీ కలుపుకుంటే నాకు లెక్క తేలింది. నా జబ్బు తిరిగొచ్చింది. వీళ్లు దాస్తున్నారు. ఎక్కడ దాస్తారు? నా చెయ్యి లేవదు కాబట్టి అటక మీద దాస్తారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్టూలు వేసుకుని, కుడి చేత్తో తడిమాను. ఇత్తడి బిందె వెనకాల ఆసుపత్రి కవరు దొరికింది. దాని మీద మా ఇంటిపేరు అక్షరమే ఉంది. నా పాత కాగితాలు పక్కన పెట్టుకుని, తెలియని ఇంగ్లీషు అక్షరాలను ముగ్గు పోల్చినట్టు ఒక్కొక్కటే పోల్చి చూశాను. నా కాగితాల్లో ప్రతి పేజీలో ఉండే ఆ మాట ఇందులోనూ ఉంది. కవరు ఉన్నచోటే పెట్టేసి స్టూలు దిగాను.

ఇంట్లో అడిగితే అబద్ధమే చెబుతారు. మా పక్క మనుషులకు అబద్ధం ఆగిపోయే చోటు ఒకటుంది. కాణిపాకం వినాయకుడి ముందు నిలబెట్టి ప్రమాణం చేయమంటే తప్పు చేసినవాడు నోరు విప్పడు. దొంగతనమైనా, ఆలుమగల తగాదా అయినా మావాళ్లు తేల్చుకునేది అక్కడే. మరుసటి రోజు కొడుకుతో, ‘‘కాణిపాకం పోవాల, బండి తియ్’’ అన్నాను. ఎందుకని అడగలేదు. అది కూడా కొత్తే.

దర్శనమయ్యాక ధ్వజస్తంభం దగ్గర వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. ప్రమాణానికి టికెట్టు ఉందేమో నేను విచారించలేదు. స్వామికి వినపడితే చాలు.

‘‘నా దగ్గర ఏమీ దాసలేదని ఈడ ప్రమాణం చెయ్.’’

వాడి ముఖంలో రంగు పోయింది. ‘‘ఏంది మా ఇది, అందురూ సూస్తాండారు.’’

‘‘సూడనీ. చెయ్యెత్తు. ఏమీ దాసలేదు అను, సాలు.’’

‘‘ఇంటికి పోదాం రా మా.’’

‘‘అంటావా, అనవా?’’

వాడు అనలేదు. గర్భగుడి వైపు చూశాడు, నా వైపు చూశాడు, తల దించుకున్నాడు. యాభై దగ్గర పడుతున్న మనిషి, చిన్నప్పుడు పలక పోగొట్టుకుని వచ్చిన రోజున నిలబడినట్టు నిలబడ్డాడు. నాకు ఇంకేం కావాలి? బండెక్కాను.

ఇంటికొచ్చి ఒక నిర్ణయం తీసుకున్నాను. పోయేదానికి మాత్రలెందుకు? ఆ రోజు నుంచి మింగడం మానేశాను. ఏ వస్తువూ దండగ చేయడం నాకు అలవాటు లేదు. మాత్రల అట్టను తలగడ కింద పెట్టుకుని, వీళ్లు ఎప్పుడు చెబుతారో చూద్దామని ఎదురుచూశాను. కొండ స్వామి మీద కూడా అనుమానం వచ్చింది. జుట్టు భుజాల దాకా రానిస్తాడా, మధ్యలోనే పిలిపించుకుంటాడా అని. దీపం పెట్టేటప్పుడు ఆయన ముఖంలోకి సూటిగా చూసేదాన్ని. ఆయనా ఏమీ చెప్పలేదు.

ఆదివారం మనవరాలు వచ్చింది. చిత్తూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పక్క దులుపుతూ తలగడ ఎత్తింది.

‘‘అవ్వా, పోయిన వారం తెచ్చిచ్చిన అట్ట ఇది. ఒక్కటీ మింగలేదేం?’’

‘‘నీకెందుకు?’’

‘‘నాకెందుకా? అమ్మను పిలుస్తా ఉండు.’’

‘‘పిలు. పిలిసే ముందు అటక మీద కవరు దించి నాకు సదివి సెప్పు. సచ్చేదాన్నని తెల్సినాక మాత్రలు యాల మింగల్ల?’’

పిల్ల స్టూలెక్కి, ఎక్కడని అడక్కుండా బిందె వెనకాల నుంచి కవరు దించింది. అంటే దీనికీ తెలుసు. నా పక్కన మంచం మీద కూర్చుని, కాగితం మడత విప్పి, వేలితో ఒక చోట చూపించింది.

‘‘అమ్మ సెప్పొద్దనింది. నేను సెప్పను. నువ్వే సూడు. ఈ అంకె సదువు.’’

‘‘నలభై రెండు.’’

‘‘అది వయసు. నీకు నలభై రెండా అవ్వా?’’

అంకెలు నాకు బాగా వచ్చని ముందే చెప్పాను. ఆ రోజు స్టూలు దిగకముందు ఆ కాగితాన్ని అంతసేపు చూశాను. కానీ నేను వెతికింది నా జబ్బు మాట. దాని పక్కన ఎవరి వయసు ఉందో చూడలేదు. కాణిపాకంలోనూ అంతే. నాకు జబ్బు లేదని ప్రమాణం చెయ్యమని ఉంటే నా కొడుకు రెండు చేతులూ ఎత్తి చేసేవాడు. నేనడిగింది అది కాదు.

కోడలు పెరట్లో పాల క్యాను కడుగుతోంది. పోయి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

‘‘ఏ పక్క?’’ అన్నాను.

చేతిలో పీచు ఆగిపోయింది. నా వెనకాల నిలబడిన కూతుర్ని చూసి ఆమెకు అర్థమైంది.

‘‘కుడి పక్క’’ అంది.

‘‘ఎన్ని దినాలాయ?’’

‘‘నిన్ను సూపించేదానికి పోయిన దినమే నాదీ సూపించినాను. అంతకు ముందు నెల నుంచే సేతికి తగులుతాంది. అదేనేమో అని కాయితంలో రాసి, సూది పెట్టి ముక్క తీసుకున్నారు. బేస్తవారం సెప్తారంట.’’

‘‘నాకు యాల సెప్పలేదు?’’

‘‘మీ ఇంట్లో ఎవరికన్నా ఉండాదా అని అడిగినారు. మా మేనత్తకే అని సెప్పినా. ఒకే రక్తం గదా, అందుకే పరీచ్చ సెయ్యల్ల అన్నారు. ‘నా పుట్టింటి నుంచి ఇది కోడలికీ తగులుకున్నాదే’ అని నువ్వు కుమిలిపోతావని ఆయన వద్దన్నాడు.’’

‘‘నేను కుమిలేదాన్నా?’’

‘‘కుమలవు. అరుస్తావు. అది ఇంకా కష్టం.’’

మనవరాలు వెనకాల కిసుక్కుమంది. నేను దాని వైపు తిరిగి చూస్తే ఆపింది. కోడలు నవ్వలేదు. క్యాను మూతను అనవసరంగా ఇంకోసారి తోమి, తల ఎత్తకుండా అడిగింది.

‘‘అత్తా, నీ మొక్కు తీరకుండా ఉండబట్టి అది నా మీదికొచ్చిందేమో?’’

వారాల తరబడి కొండకు పోదామని ఎందుకు ప్రాణం తీసిందో అప్పుడు తెలిసింది. నాకు కోపం వచ్చింది. దేవుడి మీద కాదు, ఆమె మీద కూడా కాదు. నేను అన్నది ఇదీ:

‘‘మొక్కింది నేను. అడిగితే నన్ను అడుగుతాడు. ఇల్లు మారి పక్క మనిషిని పట్టుకునేంత కండ్లు కనపడనోడా స్వామి? మూడేండ్లు నా పుండు కడిగి, నా మూత్రం ఎత్తిపోసినదాన్ని ఆయన సూడలేదనుకుంటాండావా?’’

అప్పుడు ఏడ్చింది. ఏడవనిచ్చాను. కాసేపటికి, ‘‘తీసేస్తారేమో అత్తా’’ అంది.

‘‘తీసేస్తే తీసేస్తారు. నీకూ ఒక సంచి కుడతా. కొర్రలు మాత్రం పొయ్యను.’’

ఏడుపు మధ్యలోనే నవ్వు వచ్చి ఆమెకు పొలమారింది. మనవరాలు నీళ్లు తెచ్చింది. ఆ చెంబులో మిగిలిన నీళ్లతోనే నా మాత్ర మింగాను. ఇద్దరూ చూస్తున్నారని తెలిసే మింగాను.

బేస్తవారం నలుగురం తిరుపతికి పోయాం. డాక్టరమ్మ గది ముందు అదే బెంచీ మీద ఈసారి కోడలి పక్కన కూర్చున్నాను. తలుపు వేయబోతే నేనూ లోపలికి నడిచాను. ఎవరూ వద్దనలేదు. మామూలు గడ్డేనని, క్యాన్సర్ కాదని డాక్టరమ్మ చెప్పింది. ఏటా వచ్చి చూపించుకోవాలంది. మనవరాలు కూడా ముప్పై దాటాక జాగ్రత్తగా ఉండాలంది. ఆ కాగితం నేనే చేతికి తీసుకున్నాను. మొదట అంకె చూశాను. నలభై రెండే. తర్వాత మనవరాలి చేత రెండుసార్లు చదివించాను. రెండోసారి నా ముఖం చూడకుండా చదవమన్నాను. అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. డాక్టరమ్మను కూడా వీళ్లు మాట్లాడుకుని పెట్టారేమోనన్న పురుగు బస్సులో చిత్తూరు దాటేదాకా తొలుస్తూనే ఉంది.

అలిపిరి మెట్ల సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. జుట్టు ఇంకా మెడ దాకానే ఉంది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలలేదు. పశువుల కొట్టంలో లైటు వెలుగుతోంది. పొద్దున పోయేటప్పుడు ఆపకుండా పోయారు.

‘‘ఒరే, ఈ లైటు ఎవరి కోసరం? ఆవులు సదువుకుంటాండాయా?’’ అని అరిచాను.

వాడు చెప్పులు విడుస్తూ వెనక్కి తిరిగాడు. ‘‘వచ్చి కాళ్లన్నా కడుక్కోలేదు, అప్పుడే మొదులుపెట్టినావా? పోయి నువ్వే ఆపుకో పో!’’

నేను పోయి ఆపాను. అప్పుడు నమ్మాను.