బెన్హర్ బిగించిన ఇనప స్టాండు

రోడ్డు మీద షెడ్డున్న మెకానిక్‌కి ఒంటరితనం అంటే ఏమిటో తెలియదు. పంచరు పడినవాడు వస్తాడు, చైను ఊడినవాడు వస్తాడు, పెట్రోలు అయిపోయి తోసుకొచ్చినవాడు వస్తాడు. ఏ పనీ లేనివాడు కూడా వచ్చి బెంచీ మీద కూర్చుని పేపరు తిరగేసి, రాజకీయాలు తిట్టి పోతాడు. శృంగవరపుకోట మెయిన్ రోడ్డులో బెన్హర్ షెడ్డున్న రోజుల్లో అతనికి మాట కరువన్నది లేదు.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. మేడల వాళ్ళకి నోటీసులిచ్చారు, గడువులిచ్చారు, బేరాలాడారు. రేకుల షెడ్డు వాడికి మాత్రం పొద్దున్నే జేసీబీని పంపారు. పట్టా లేనివాడు ముప్పై ఏళ్ళు ఒకే చోట చెమటోడ్చినా సర్కారు లెక్కలో అతను అక్కడ లేనట్టే. బెన్హర్ తన పానాలు, జాకీ, వెల్డింగు మిషను రిక్షాలో వేసుకుని బాప్టిస్టు చర్చి వెనక సందులో ఉన్న ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంటి పక్క ఖాళీ జాగాలో రేకులు దించి, కింద గచ్చు చేసి, "ఇక్కడ బళ్ళు బాగుచేయబడును" అని బోర్డు రాయించాడు. చేతులు అవే, పనిముట్లు అవే. మనుషులే రాలేదు. బండి ఆగిపోయినవాడు సందులు వెతుక్కుంటూ ఎందుకు వస్తాడు?

అతనికి యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా అడగడం మానేశారు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో రెండు గొంతులుండేవి. ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు భుజం మీద చెయ్యేసి, "బాగున్నావా బెన్హర్?" అంటారు. అతను నోరు తెరిచేలోపు ఆ చెయ్యి పక్క మనిషి భుజం మీదికి వెళ్ళిపోతుంది.

అలాంటి ఇంటికి వారంలో రెండు మూడుసార్లు వచ్చే మనిషి ఒకతె ఉంది. దుర్గాభవాని. ఒక పార్సిళ్ళ కంపెనీలో డెలివరీ పని చేస్తుంది. మొగుడు సూరయ్య చెన్నైలో సెంట్రింగు పనికి పోతూ ఇంట్లో వదిలేసిన పాత బండి మీద, బొడ్డవర దాటి కొండ ఊళ్ళకి పార్సిళ్ళు మోస్తుంది. ఆ దారుల్లో తిరిగే బండికి రోజుకొక రోగం. బెన్హర్ దానికి హేండిలు ఎత్తు పెంచాడు, వెనక ఇనప కేరియరు కట్టాడు, బేటరీ నుంచి తీగ లాగి ఫోను చార్జింగుకి సాకెట్టు పెట్టాడు. ఆమె గచ్చు మీద చతికిలబడి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. ఎవరింటికి ఏ పార్సిలొచ్చిందో, విప్పాక ఎవరి మొహం ఎలా మాడిందో చెబుతుంటే, బెన్హర్ చేతిలో పని చేతిలోనే ఆపి నవ్వేవాడు.

ఒకరోజు ఆమె ఒక చిన్న అట్టపెట్టె తెచ్చింది.

"మావా, ఇది సూడు. ఆన్‌లైన్లో తెప్పించినాను. ఫోను పెట్టుకునే స్టాండు."

బెన్హర్ దాన్ని తిప్పి చూశాడు. ఫోనుని పట్టుకునే నాలుగు కొమ్ములు, వాటి కింద మెత్తటి రబ్బరు దిండు.

"దీనికి రబ్బరేటే? ఇది బండికి స్టాండా, సంటిపిల్లకి ఉయ్యాలా?"

"నాకేటి తెలుసు? బొమ్మలో బాగున్నాది, తెప్పించీసినాను. ఉంచు మావా, ఏదో పని ఉండబట్టే కదా పెట్టుంటారు."

"కొండ దారిలో ఇది ఊగుతాది. ఫోను లోయలో ఉంటాది, నువ్వు రాయి మీద కూకుని ఏడుస్తుంటావు. ఇలగ ఒగ్గీ. నాను సేస్తాను సూడు స్టాండంటే ఏటో."

ఆమెకి ఆ ఫోను లేకపోతే పని లేదు. కొండ ఊళ్ళు ఆమెకి గుమ్మం గుమ్మం తెలుసు. అయినా కంపెనీ నమ్మేది ఆమె తెలివిని కాదు, మ్యాపు మీద గీసిన నీలం గీతని. గీత తప్పితే ఎందుకు తప్పావని ఫోను నిలదీస్తుంది. ఆ గీతల్లో కొన్ని బిల్లులు అయిపోయాక కూడా నేల మీద పడని రోడ్లు. వాటి మీద బండి నడవాలి! గుమ్మం చేరాక పార్సిలుకి ఫొటో తీసి పంపాలి. ఫొటో లేకపోతే ఇవ్వనట్టే. ఇచ్చిన మనిషి ఉంది, పుచ్చుకున్న మనిషి ఉంది, ఇద్దరి మాటా చెల్లదు. ఫొటో చెబితేనే నిజం.

బెన్హర్ ఆ రబ్బరు దిండు పీకి పారేశాడు. పాత క్రాష్ గార్డు ముక్క కోసి, వంచి, హేండిలుకే వెల్డింగు పెట్టి, దాని మీద కొమ్ములు బిగించాడు. రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు. చెక్కుచెదరలేదు. ముప్పై ఏళ్ళుగా అతనికి తెలిసిన ధర్మం ఒకటే, ఊగేది ఊడిపోతుంది, కనక ఊగకుండా బిగించు. మర్నాడు ఆమె కొండ దిగి వచ్చి, "కొండ కదిలినా నీ స్టాండు కదల్దు మావా" అంది. ఆ ఒక్క మాట నెమరేసుకుంటూ అతను చాలా రోజులు బతికాడు.

వానలు వెలిసేసరికి ఫోను కెమెరా పాడైంది. దేని మీద పెట్టి తీసినా బొమ్మ వణికేది, అలికినట్టు వచ్చేది. పంపిన ఫొటోలన్నీ "స్పష్టంగా లేదు" అని తిరిగొచ్చాయి. ఇచ్చిన పార్సిళ్ళన్నీ ఇవ్వనట్టు నమోదయ్యాయి. దుర్గాభవాని పార్సిళ్ళ ఆఫీసుకి పోయి ఇన్‌చార్జి పృథ్వీరాజ్‌ని అడిగింది. అతను తల కూడా ఎత్తకుండా, ఇలాగే సాగితే ఆమె ఐడీ ఆగిపోతుందని చెప్పాడట. ఐడీ అంటే కంపెనీ ఆమెకిచ్చిన నంబరు. అది ఆగితే ఉద్యోగం పోయినట్టే. తీసేశామని చెప్పే మనిషి కూడా ఉండడు, పొద్దున్న ఫోను తెరిస్తే తెరుచుకోదు, అంతే.

"కింద పడనేదు, తడవనేదు. మరెలగ పోనాది మావా?" ఆమె మొహం పీక్కుపోయి ఉంది. "ఫోన్లు బాగుసేసే సినబాబు షాపులో సూపించినాను. ఆడేటన్నాడో తెలుసా? బండి వణుకుడుకి లోపల పార్టు పోనాదంట!"

బెన్హర్ పకపకా నవ్వాడు. "వణుకుడుకి పోతాదా? అలగయితే నా పళ్ళన్నీ ఏనాడో రాలిపోవాలి. కొత్త ఫోను అమ్మీడానికి ఆడేదో కథ సెప్పినాడు. దొంగ ఎదవ."

"నాకూ అదే అనుమానం. ఉండు, ఆడి షాపు దార్లోనే కదా, ఆడ్ని కడిగీసి ఎల్తాను." లేచింది. "రేపు మా ఆడబిడ్డ ఫోను అడిగి తెస్తాను. దాన్నే ఈ స్టాండులో పెట్టుకుని నాలుగు రోజులు లాగించీవాల."

ఆమె వెళ్ళిపోయాక బెన్హర్ నవ్వు కాసేపు షెడ్డులో ఒంటరిగా నిలబడి, మెల్లగా పోయింది. బండి వణుకుడు. ఇంజనులో రోగం వెతికేటప్పుడు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి ఎముకకి అదుముకుని వినడం అతని అలవాటు. ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు కొట్టుకుంటోందో ఆ ఇనప పుల్ల అతనికి చెబుతుంది. షెడ్డు మూలనున్న తన పాత బండి స్టార్టు చేశాడు. ఈసారి మొన ఇంజనుకి కాదు, హేండిలుకి ఆనించాడు.

చెవి హోరెత్తిపోయింది. ఇంజను పిడిగుద్దులన్నీ అక్కడున్నాయి. పైకి రాయిలా కదలని ఇనుము లోపల ఒక్క క్షణం ఊరుకోవడం లేదు. తర్వాత పాత రబ్బరు ట్యూబు ముక్క హేండిలు మీద మడిచి పెట్టి, దాని మీద రేకుముక్క పెట్టి, మొన ఆనించి విన్నాడు. హోరు సగానికి సగం తగ్గింది.

దిండు ఎందుకు పెట్టారో బెన్హర్‌కి అప్పుడు తెలిసింది. కదలకుండా పట్టుకోవాలని చూశాడు కానీ, కదలని దానిలోంచే అదురంతా ఫోనులోకి ఎక్కుతుందని ఆలోచించలేదు.

అతను ఇంజను ఆపి గచ్చు మీద కూలబడ్డాడు. ఆమె ఐడీ పోతే తన చేతులతో పోగొట్టినట్టే. పైగా రేపు ఆడబిడ్డ ఫోను కూడా ఆ స్టాండులోనే పెడుతుంది. మార్చాలి, అది ఖాయం. కానీ ఎందుకు మార్చాడో చెప్పాలా? కొత్త మోడలు వచ్చిందే అని నవ్వుతూ బిగించేస్తే ఆమెకేం తెలుస్తుంది? చెబితే ఇక ఈ గచ్చు మీద కూర్చుంటుందా?

బస్సెక్కి విజయనగరం వెళ్ళాడు. బళ్ళ సామాన్ల షాపాయన మురళీమోహన్ బల్ల మీద స్టాండ్లు వరసగా పరిచాడు. వానకి గొడుగున్నది ఒకటి, తీగ లేకుండానే చార్జింగు ఎక్కేది ఒకటి, రంగురంగుల లైట్లు వెలిగేది ఒకటి. బెన్హర్ ఒక్కొక్కదాన్ని తిరగేసి కింద భాగమే చూశాడు.

"రబ్బరున్నది కావాలి. గట్టిది."

"అదే మంచిది. అది లేకండా బిగిస్తే కెమెరా గోయిందా," అన్నాడు మురళీమోహన్. "మొన్న ఒకాయన వొచ్చి లబోదిబోమన్నాడు. ఎవడో మెకానిక్కు తెలివిమంతుడు పీకి అవతల పారీసినాడంట."

"ఇక్కడోడేనా?"

"ఏమో మరి. అలాటోళ్ళు ఊరికొకడుంటాడు కదా."

బెన్హర్ తలూపి, నాలుగు రబ్బరు గుండ్ల మీద నిలబడే స్టాండు తీసుకున్నాడు. తిరిగొచ్చే బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా రెండు మాటలు అల్లుకున్నాడు, ఒకటి అబద్ధం, ఒకటి నిజం. అబద్ధమే నున్నగా వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆమె వచ్చింది, ఆడబిడ్డ ఫోనుతో. "సాయంత్రానికి ఇచ్చీమంది మావా. బేగి పెట్టు. సినబాబుని నిన్న నడిబజార్లో నిలబెట్టి కడిగీసినాను. దొంగా, నా ఫోనులో పార్టు నువ్వే మార్సీసినావని అన్నాను. ఆడు ఒక్క మాట ఎదురు సెప్పలేదు, సూడు!"

నున్నటి అబద్ధం బెన్హర్ గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"బవానీ, సినబాబు దొంగ కాదు. ఫోను పాడుసేసింది నాను."

"ఏటి?"

"ఆ స్టాండే. ఆ రబ్బరుంటే అదురు ఆగీది. నాను పీకీసినాను. నిన్న విని సూసినాను. ఆడు సెప్పింది నిజివే."

ఆమె అతని వంక చూసింది. కోపం ఒక్కసారిగా రాలేదు.

"ఉంచమన్నాను మావా నాను."

"అన్నావు."

"ఉయ్యాల అని నవ్వినావు."

"నవ్వినాను."

"నీ మాట పట్టుకుని ఆ మనిషిని పది మందిలో తిట్టినాను. ఆడి పెళ్ళాం కూడా ఉన్నాది పక్కని." ఆమె గొంతు పైకి లేచింది. "నా ఐడీ పోతే నాకేటి మావా ఉన్నాది? సూరయ్య పంపితే పంపినట్టు, నేపోతే నేదు. నీకంతా తెలుసు! అన్నీ తెలిసినట్టు మాటాడతావు!"

బెన్హర్ బండి దగ్గరికి నడిచాడు. ఇనప స్టాండుని గ్రైండరుతో కోసేశాడు. వెల్డింగు చేసినప్పుడు ఎంత గట్టిగా అతికించాడో, కోసేటప్పుడు తెలిసింది. కొత్తది బిగించాడు. తర్వాత లోపలికి వెళ్ళి తన ఫోను తెచ్చి, సిమ్ము తీసి, బండి సీటు మీద పెట్టాడు.

"దీనికి కెమెరా బాగుంటాది. నాకు బటన్ల ఫోను ఒకటి ఉన్నాది. నాకెవరు సేస్తారు?"

ఆమె వద్దనలేదు. వద్దనే స్థితి ఆమెది కాదు. పౌరుషంగా కాదనడానికి కూడా కాస్త కలిగి ఉండాలి. ఫోను తీసుకుని, ఆడబిడ్డ ఫోను చీర కొంగులో ముడేసుకుని, కిక్కు కొట్టి వెళ్ళిపోయింది. థాంక్సు చెప్పలేదు. బెన్హర్ ఆశించనూ లేదు.

తర్వాత ఆమె రాలేదు. ఐడీ నిలబడిందో పోయిందో తెలుసుకోవడానికి బెన్హర్‌కి దారి లేదు. ఆమె నంబరు ఆ ఫోనులోనే ఉండిపోయింది. సందులో బండి చప్పుడైతే చేతిలో పని ఆపి వినేవాడు. పాలవాడు, చర్చి వాచ్‌మను, దారి తప్పి వచ్చి వెనక్కి తిరిగేవాడు. ఎవరికీ షెడ్డుతో పనిలేదు. సాయంత్రాలు గచ్చు కడిగేవాడు. మురికి లేకపోయినా కడిగేవాడు.

దసరా వెళ్ళాక ఒక ఉదయం ఆమె బండి గుమ్మంలో ఆగింది. వెనక కేరియరు మీద పార్సిళ్ళ సంచీ నిండుగా ఉంది.

"బ్రేకు పట్టట్లేదు," అంది.

"ఐడీ?"

"ఉన్నాది."

అంతే. గచ్చు మీద కూర్చోలేదు. సందు వైపు తిరిగి, అతనికి వీపు పెట్టి నిలబడింది. ఏ ఊళ్ళో ఏ పార్సిలొచ్చిందో చెప్పలేదు. బెన్హర్ చక్రం విప్పాడు. అరిగిన బ్రేకు షూలు తీసి కొత్తవి వేశాడు. పని సాగదీస్తే ఇంకాసేపు ఆమె అక్కడుంటుంది. కానీ ఎండెక్కితే కొండ దారి ఆమెకి కష్టం. చకచకా ముగించి చెయ్యి తుడుచుకున్నాడు.

"సినబాబు దగ్గరికి ఎల్లినావా బవానీ?"

"నానెల్లి నా మాటకి సెమించమన్నాను. ఆ మాట నా నోట్లో పెట్టింది నువ్వు. నీది నువ్వు సెప్పుకో మావా." బండెక్కింది. బ్రేకు ఒకసారి తొక్కి చూసుకుంది. "బాగా పట్టింది," అని వెళ్ళిపోయింది.

బెన్హర్ కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, షెడ్డు తలుపు దగ్గరగా వేసి బజారుకి నడిచాడు. చినబాబు షాపు ముందు జనం ఉన్నారు. పగిలిన అద్దాలు, చార్జింగు ఎక్కని ఫోన్లు, ఒకరి మీద ఒకరు కేకలు. చినబాబు కళ్ళకి భూతద్దం పెట్టుకుని ఒక ఫోను పొట్ట కోసి చూస్తున్నాడు.

"ఏటి పని?" అన్నాడు తల ఎత్తకుండా.

"పని నేదు బాబూ. నీకు ఒక మాట సెప్పాలి."

"ఇంతమందిలోనేటి? ఉండు, ఈల్లని పంపీనీ."

"పరవానేదు. అందరూ ఉండగానే సెప్తాను," అని బెన్హర్ ఆ జనంలోనే నిలబడ్డాడు.