దక్షిణం తలుపు కోసం ఆదిలాబాద్ దాకా

ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి పొగ వచ్చింది. మంట లేదు, ఉత్త పొగే. కరెంటు పోయి హాలంతా నల్లగా కమ్ముకుంది. పదహారేళ్లుగా ఉంటున్న ఇల్లు, దాని నక్ష గీసింది కూడా నేనే. అయినా నాకు నా ఇంటి వాకిలి దొరకలేదు. గోడ తడుముకుంటూ దేవుడి అలమారా దాకా పోయి కుంకుమ భరిణె కింద పడేశాను. మా ఆవిడ బయట నిలబడి "ఇటు రాండ్రి, ఇటు" అంటుంటే ఆ గొంతు వెంట నడిచి బయటపడ్డాను.

అరుగు మీద కూర్చుని దగ్గుతుంటే ఆదిలాబాద్ గుర్తొచ్చింది. 

కరీంనగర్‌లో నాది చిన్న ఆఫీసు. చుట్టుపక్కల జిల్లాల్లో ప్రైవేటు ఆస్పత్రులకు నక్షలు గీస్తాను. ఆదిలాబాద్‌లో ఒక పిల్లల దవాఖానకు గీశాను. పుట్టగానే బరువు తక్కువైన పసికందులను ఉంచే వార్డుకు రెండు తలుపులు పెట్టాను. ఒకటి లోపలి వరండాలోకి, రెండోది దక్షిణం వైపు నేరుగా బయటికి. బిల్డింగు పూర్తి కావస్తుంటే డాక్టరు గారి తండ్రి, డబ్బు పెట్టిన పెద్దమనిషి, ఆ రెండోది మూసేయమన్నారు. దక్షిణం యముడి దిక్కట. నేను రెండుసార్లు చెప్పి చూశాను. మూడోసారి నోరు మూసుకుని, తలుపు తీసేసిన నక్ష మీద సంతకం పెట్టాను. మునిసిపాలిటీకి ఇచ్చిన నక్షలో తలుపు ఉంది, కట్టిన గోడలో లేదు. బుధవారం ప్రారంభం. ఆ రోజు నుంచి ఆ గదిలో ఎనిమిది మంది పసివాళ్లు పడుకుంటారు.

సోమవారం పొద్దున ఐదూ నలభైకి కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్ మూడు వందలకు కాస్త పైన. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు జగిత్యాల దాటేసరికి నిండిపోయింది. వెళ్లేవారు డ్రైవర్ వెనక వరస చూసుకోండి, కుదుపు తక్కువ. నేను మాత్రం ఎమర్జెన్సీ కిటికీ పక్కన కూర్చున్నాను. దాని పిడి తిరుగుతుందో లేదో చూద్దామని చెయ్యి వేస్తే కండక్టర్ కోప్పడ్డాడు.

కోరుట్లలో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు లచ్చవ్వ. ఒళ్లో స్టీలు టిఫిను, సంచిలో పాత మెత్తటి చీరల ముక్కలు. నిర్మల్‌లో బిడ్డకు ఏడో నెలకే కాన్పయిందట.

"పోరన్ని అద్దాల పెట్టెల వెట్టిండ్రు సారు. పిల్లిపిల్ల తీర్గ ఉన్నడు. రోజుకొక్కపారి సూడనిస్తరు," అంది. తర్వాత అడిగింది, "నువ్వేం పని జేస్తవు?"

"దవాఖానల నక్షలు గీస్త అవ్వా."

ఆవిడ నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. "గట్లనా. మరి జర మంచిగ గీయరాదు. లోపట్కి పోతే మల్ల బయటికి తొవ్వనే దొరకది మాకు. నిన్న మూడుపార్లు ఎక్స్‌రే రూములకే పోయిన."

 ఆ పెట్టె ఉన్న గదికి ఎన్ని తలుపులున్నాయో అడగాలనిపించింది. అడిగితే నా భయం ఆవిడకు అంటుకుంటుంది.  సోన్ దగ్గర గోదావరి రాగానే ఆవిడ సంచిలోంచి రూపాయి తీసి కిటికీలోంచి నీళ్లలోకి వేసి దండం పెట్టుకుంది. నేనూ ఒకటి తీసి వేశాను. దేవుడి మీద నాకు అంత గురి లేదు, కానీ ఆ పొద్దు ఏ దిక్కు కనిపిస్తే ఆ దిక్కుకు మొక్కేలా ఉన్నాను.

పదింటికి నిర్మల్. లచ్చవ్వ దిగిపోయింది. బస్టాండులో ఇడ్లీ తిన్నాను, చట్నీ పలచన. ఘాట్ ఎక్కాక టేకు చెట్లు, చలి. ఇచ్చోడ దాటాక రోడ్డు పక్కన పత్తి ట్రాలీలు బారులు తీరాయి. గాలికి దూది రేగి బస్సు అద్దాలకు అంటుకుంటోంది. మామూలుగా అయితే అందంగా ఉందని రాసేవాణ్ణి. ఆ రోజు నాకు దానికి నిప్పు ఎంత తొందరగా అంటుకుంటుందో అన్నదే ఆలోచన.

పన్నెండుకు పది నిమిషాలు తక్కువలో ఆదిలాబాద్. ఆటోలో దవాఖానకు చేరాను. కొత్త రంగు వాసన, గుమ్మానికి మామిడాకులు కడుతున్నారు. వార్డు బాధ్యత చూసే సునీత సిస్టర్ ఉయ్యాల మంచాలు సర్దుతోంది. కిటికీలకు దట్టమైన పరదాలు, ఏసీ కోసం అద్దాలు బిగించేశారు. దక్షిణం గోడ తెల్లగా, నున్నగా ఉంది. తలుపు ఉండాల్సిన చోట పిల్లల బొమ్మ వేలాడదీశారు.

వార్డు నుంచి చేతులు కడిగే గది, వరండా, ఒక మలుపు, చీటీలిచ్చే కౌంటరు, పెద్ద దర్వాజ. నడిచి లెక్కపెట్టాను. నలభై రెండు అడుగులు.

సిస్టర్ నన్నే చూస్తోంది. "నేను సుత లెక్క వెట్టిన సార్," అంది మెల్లగా. "పిల్లలు ఎనమండుగురు. డ్యూటీల ఇద్దరం. తలా ఇద్దరిని ఎత్తుకుంటం. రెండో తాపకు లోపట్కి రానిస్తదా పొగ?"

 ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఇంతలో తలుపు వద్దన్న ఆ పెద్దాయన వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, పత్తి జిన్నింగ్ మిల్లు యజమాని, ఊళ్లో అందరూ సేట్ అంటారు. నన్ను చూసి సంతోషపడ్డారు. మిల్లు నుంచి వచ్చిన జొన్నరొట్టెలు, పచ్చిమిరప దంచిన ఠేచా పచ్చడి నాకూ పెట్టించారు.  తింటూనే విషయం చెప్పాను.

"అరె బాబా, అయిపోయిన ముచ్చట మల్ల తీస్తవేంది? పానం నిలబెట్టుకునే పిల్లలు. యముని దిక్కుకెళ్ళి తీస్కపోతరా?"

"మీ మిల్లుకు ఎన్ని దర్వాజలు సేట్?"

"నాలుగు."

"దక్షిణానికి?"

"ఉన్నది. పత్తికి నిప్పంటుకుంటే మరి?" అన్నారు. రొట్టె తుంచుతూ, "పత్తి వేరు, పిల్లలు వేరు," అన్నారు. ఆయన గొంతులో మొండితనం లేదు. తర్వాత సిస్టర్ చెప్పింది, ఆయన మొదటి మనవడు పుట్టిన మూడో రోజు వేరే ఊళ్లో పోయాడట. ఆ దవాఖాన వాకిలి దక్షిణం. భయపడేది నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆయనది నా కంటే పాత భయం.

వాదించడం నాకు చేతకాదు. ఒక్కటే అడిగాను. "ఒక్కపారి వార్డులకు రాండ్రి సేట్. లైట్లు బంద్ జేస్త. పిల్లగాన్ని ఎత్తుకొని బయటికి రాండ్రి, అంతే. మీరు వస్తే నేను మల్ల మాట్లాడ."

ఆయన నవ్వారు. సిస్టర్ రెండు తువ్వాళ్లు చుట్టి పసివాడిలా చేసి ఆయన చేతుల్లో పెట్టింది. పరదాలు లాగి, నడి గదిలో ఆయన్ను నాలుగుసార్లు తిప్పి వదిలాం. నేను గుమ్మంలో నిలబడి మెయిన్ ఆపమని కేకేశాను. తలుపు దగ్గరగా వేశాను. పట్టపగలే చెయ్యి కనబడని చీకటి.

మొదట చెప్పుల చప్పుడు. మంచానికి ఏదో తగిలిన చప్పుడు. "ఏడున్నవయ్యా?" అన్నారు. నేను పలకలేదు. మా ఆవిడ గొంతు లేకపోతే నేనూ బయటపడేవాణ్ణి కాదు కదా. తర్వాత ఏమీ వినిపించలేదు. ఆయనకేమైనా అవుతుందేమోనని తలుపు మీద చెయ్యి వేశాను. అప్పుడు అరచేత్తో గోడను కొడుతున్న చప్పుడు మొదలైంది.

సిస్టర్ టార్చి వేసింది. సేట్ దక్షిణం గోడకు ముఖం పెట్టి నిలబడి ఉన్నారు. తువ్వాళ్ల మూటను ఛాతీకి అదుముకున్నారు. కుడిచెయ్యి నడుము ఎత్తున గోడ మీద గొళ్లెం కోసం వెతుకుతోంది. బిల్డింగు లేస్తున్న ఏడాదంతా ఆయన రోజూ చాయ్ ఫ్లాస్కు పట్టుకుని తలుపు కోసం గోడలో వదిలిన ఆ సందులోంచే లోపలికి వచ్చేవారు.

"గీడ్నే ఉండె గద," అన్నారు.

 ఆయన ఆ మూటను ఉయ్యాల మంచంలో పడుకోబెట్టారు, ఉత్త తువ్వాళ్లని తెలిసి కూడా నెమ్మదిగా. తర్వాత మల్లేశ్ మేస్త్రిని పిలవమన్నారు.

ఆ గోడ కట్టింది మల్లేశే. ప్రహరీ పనిలో ఉన్నాడు, గడ్డపార పట్టుకుని వచ్చాడు. పగలగొట్టడానికి ఎంతసేపు పడుతుందో, గోడకు ఎక్కడ పగులు వస్తుందోనని నేను గాబరా పడుతుంటే తాపీగా అన్నాడు, "ఫికర్ జెయ్యకుండ్రి సార్. ఇండ్ల సిమెంటు లేదు. మన్నుతోని ఇటుక వేర్చి, పైన ప్లాస్టర్ కొట్టిన."

"ఎందుకట్ల?"

"వాస్తుకు మూసిన తలుపు నేనెప్పుడు సిమెంటు వెట్టి మూయ. ఒక పంతులు మూయమంటడు. రెండేండ్లకు ఇంకో పంతులొచ్చి తీయమంటడు. ముప్పై ఏండ్ల సంది జూస్తున్న."

అరగంటలో వెలుతురు లోపలికి వచ్చింది. ఏడుపొచ్చింది నాకు. గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. సేట్ మాత్రం షరతు పెట్టారు, తలుపుకు నిమ్మకాయ కట్టాలి, మామూలు రోజుల్లో ఎవ్వరూ అటు నుంచి పోవద్దు.

"పోయే అవసరం రావద్దనే నేను సుత మొక్కుత సేట్," అన్నాను.

ఆ సాయంత్రం బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. పై అంతస్తులో గాలి బాగా వస్తుందన్నా వినకుండా కింది గదే అడిగాను. మంగళవారం పొద్దున్నే పోయి చూస్తే కొత్త చట్రం బిగించారు. తాళం లేదు, లోపలి నుంచి తోస్తే తెరుచుకుంటుంది. సిస్టర్ రెండు తువ్వాళ్ల మూటలు ఎత్తుకుని భుజంతో తోసి చూపించింది. తొమ్మిది అడుగులు. తొమ్మిదింబావుకు తిరుగు బస్సు ఎక్కాను.

ఆదిలాబాద్ వెళ్లేవారికి చెప్పదగింది ఏమైనా ఉంటే ఇదే: చలికాలంలో వెళ్లండి, స్వెటర్ మరవకండి, జొన్నరొట్టె తినండి. ఏ దవాఖానలో మీవాళ్లను చేర్చినా ముందు రెండో తలుపు ఎక్కడుందో చూసుకోండి. దాన్ని తోసి చూడండి, ఎవరైనా కోప్పడితే పడనీయండి.

పని అయింది కాబట్టి భయం పోతుందనుకున్నాను. ఘాట్ దిగుతుండగా లెక్క మొదలైంది. ఇన్నేళ్లలో వద్దంటే తీసేసిన తలుపులు ఇంకా రెండున్నాయి. ఒకటి జగిత్యాలలో, ఒకటి పెద్దపల్లి దారిలో. అక్కడ రోజూ రోగులు పడుకుంటున్నారు. అవి మూసిన మేస్త్రీలు ఎవరో, మన్ను పెట్టారో సిమెంటు పెట్టారో నాకు తెలియదు.

రెండున్నరకు జగిత్యాలలో బస్సు ఆగింది. బ్యాగు తీసుకుని దిగుతుంటే కండక్టర్ ఆపాడు.

"సార్, మీ టికెట్ కరీంనగర్ దాక ఉన్నది."

"ఉండనీ తమ్మీ. గీడ ఒక గోడ జూడాలె," అని దిగాను.