ఆవు కళేబరం మీద పోసిన మందు

నలభై ఏళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. తిరుమల కొండెక్కి దేవుడి ముందు నిలబడినప్పుడూ నోరు పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

పలమనేరు దగ్గర కొండవాలులో ఒక పల్లెకు డెబ్బైల చివర కోడలిగా వచ్చాను. ఊరి వెనక నిటారుగా పెద్ద బండ. దాని పగుళ్లలో రాబందులు గూళ్లు కట్టేవి. గొడ్డు చస్తే ఊరి బయట పడేసేవాళ్లం, అవి దిగివచ్చి ఎముకలు మాత్రం మిగిల్చేవి. వాటిని ఎవరూ ముచ్చటగా చూడలేదు. తరిమిందీ లేదు.

ఒక చలికాలం చిరుతపులి మా జెర్సీ ఆవును చంపింది. ఆ పాల మీదే ఇల్లు నడిచేది. నా బిడ్డకు ఇంకా ఏడాది నిండలేదు. సగం తిన్న కళేబరం కొండ మొదట్లో పడి ఉంది. చిరుత మళ్లీ దాని దగ్గరికే వస్తుందని అందరికీ తెలుసు. మా ఆయన వేరే ఆవు కోసం పుంగనూరు సంతకు పోయాడు. టమాటా తోటకు కొట్టే ఎండ్రిన్ పురుగుమందు డబ్బా కొట్టంలో ఉంది. మిట్టమధ్యాహ్నం కొంగు ముక్కుకు కట్టుకుని, డబ్బా మొత్తం ఆ మాంసం మీద వంచాను.

రాబందులు గుర్తు రాలేదా? రాలేదనే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను, బిడ్డ ఆకలి, పోయిన ఆవు, చిరుత మీద కసి తప్ప ఆ పూట నా బుర్రలో మరేదీ లేదని నమ్మడానికి ఎంతో ప్రయత్నించాను. అబద్ధం. తలెత్తి చూశాను. పైన తిరుగుతూనే ఉన్నాయి. పోతే పోనీలే అనుకున్నాను.

చిరుత ఆ మాంసం ముట్టలేదు. మర్నాడు కొండ మొదలంతా రాబందులు. కొన్ని రెక్కలు పరిచి బోర్లా పడి ఉన్నాయి. కొన్ని మెడ వాల్చి కూర్చున్నాయి, మనిషి దగ్గరికి పోయినా కదల్లేదు. ఒకటి మా కళ్లంలో దిగి నా కాళ్ల దగ్గరే చచ్చిపోయింది. ఆ తర్వాత బండ మీద కూత మొదలైంది. గూళ్లలో పిల్లలు. తిండి తెచ్చేవి లేవు. గడ్డికి పోయినప్పుడల్లా వినిపించేది, ఇంటికొచ్చి బిడ్డకు పాలిస్తున్నా చెవుల్లో అదే. రోజురోజుకూ సన్నబడింది. ఒక ఉదయం వినపడలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఊళ్లో అనుమానం మేకలు కాసే మునెప్ప మీదికి పోయింది. చిరుతకు మందు పెడతానని ఒకసారి అందరి ముందూ అన్నాడు పాపం. పెద్దలు పిలిచి గద్దించారు. ఊరికి కీడు తెచ్చావని అతని మేకల్ని కొండకు తోలనివ్వలేదు. ఒకరోజు మా వాకిట్లోకి వచ్చాడు.

“వదినా, నువ్వన్నా నమ్ము. నేను మందు పెట్టలే. ఆవు మీది కదా, ఆడ ఎవురు తిరిగినారో నువ్వేమన్నా సూసినావా?”

“నాకేం తెలుసు మునెప్పా? నేను ఆ పక్కకే పోలేదు.”

కాసేపు నా మొహంలోకి చూశాడు. “సరేలే వదినా,” అన్నాడు.

తెలిసిపోయిందా? తెలిసే ఊరుకున్నాడా? మేకలు అమ్ముకుని, పెళ్లాం బిడ్డలతో కోలారు వైపు కూలికి పోయాడు. మళ్లీ రాలేదు.

తర్వాత చచ్చిన గొడ్లు ఊరి బయటే కుళ్లిపోయేవి. కంపుకు పగలే తలుపులు మూసుకునేవాళ్లం. కుక్కలు పెరిగాయి, ఎవరి మాటా వినని కుక్కలు, మందలుగా. బడికి పోయే పిల్లల వెంట పెద్దవాళ్లు కర్రలు పట్టుకుని నడవాల్సి వచ్చింది.

చాలా ఏళ్లకు పేపర్లో చదివాను. గొడ్లకు వేసే నొప్పి మందు వల్ల దేశమంతా రాబందులు చచ్చిపోతున్నాయట. నాకు కలిగింది బాధ కాదు, ఊరట. ఇంత పెద్ద పాపంలో నాది కలిసిపోతుందిలే అనుకున్నాను. కానీ ఆ మందు మా వైపు రాకముందే మా బండ ఖాళీ. దాన్ని ఖాళీ చేసింది నేను.

మునెప్ప పోయాడని ఈమధ్యే తెలిసింది. క్షమించమని అడగడానికి ఆ మనిషి లేడు. పక్షులూ లేవు. మిమ్మల్నీ అడగడం లేదు. మందు పోసింది నేను, మునెప్ప కాదు. ఈ మాట రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా అందుతోంది.