లైన్ పెట్టెలోంచి వచ్చిన చప్పుడు

ఇది కట్టుకథ కాదు. అన్నం తినే కంచం ముట్టుకుని చెప్తన్నాను. కథ కట్టాలంటే చదువుండాలి, నాది ఐదో తరగతి. జరిగింది జరిగినట్టు గుర్తుంటాది, అంతే నాకొచ్చిన విద్య.

మేం ఉండేది జంషెడ్‌పూర్‌లో, బాగ్‌బేరాలో. రైల్వే యార్డు పక్కనే. రాత్రంతా వేగన్లు గుద్దుకుంటంటాయి... ధడ్... ధడ్... అని. మా పిల్లలు ఆ చప్పుడికే నిద్రపోయి పెరిగారు. చప్పుళ్లకి జడిసే మనిషిని కాను నేను.

మా మావయ్య, అంటే మా ఆయన తండ్రి, గూడ్సు బండి గార్డు. గార్డులకి నల్లరేకు పెట్టె ఒకటుంటాది. లైన్ పెట్టె అంటాం. జెండాలు, దీపం, ప్రమాదమైతే పట్టాల మీద పెట్టే పటాసులు, అన్నీ అందులోనే. తెల్లోళ్ల కాలంలో ఆయనకి అప్పలసామి గారని స్నేహితుడు. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పని. రాజొద్దు, దొరొద్దు, రేపు మనోళ్లొచ్చి కూచున్నా ఆ సర్కారూ వద్దు, మనుషులు ఒకళ్లకొకళ్లు సాయం చేసుకుని బతకాలి అనీవోడట. పోలీసోళ్లు అరాచకవాది అని రాసుకున్నారు. ఊరూరా దాక్కుంటా మావయ్యకి ఉత్తరాలు రాసీవోడు. మొత్తం పదకొండు. పోలీసోళ్లు ఇల్లంతా తిరగేశారు గానీ లైన్ పెట్టె మాత్రం ముట్టలేదు. పటాసులు పేలతాయని భయం! ఆ మాట చెప్పి మావయ్య పళ్లులేని నోటితో పడీపడీ నవ్వీవోరు.

పదకొండో ఉత్తరం తర్వాత ఆ మనిషి ఏమైపోనాడో తెలీదు. పుస్తకం నేదు, ఫొటో నేదు. ఈ భూమ్మీద ఒకప్పుడు ఉన్నాడనడానికి ఆ కాగితాలే.

ముసలితనంలో మావయ్యకి చూపు పోయింది. సాయంత్రం దీపం పెట్టాక, "కోడలమ్మా, చదువు" అనీవోరు. కూడబలుక్కుని చదివీదాన్ని. ఆయనకి అన్నీ నోటికొచ్చు. నేనొక మాట తప్పితే గోరుతో పెట్టె మీద కొట్టీవోరు. టిక్. మళ్లీ చదవాలి. అలా తొమ్మిదేళ్లు. నాకూ నోటికొచ్చీసాయి.

మడతల దగ్గర కాగితం చిరిగితే నేనే బాగుచేసీదాన్ని. మైదాపిండి ఉడకబెట్టి, లై చేసి, వెనకాల పేపరు ముక్క అంటించీదాన్ని. మావయ్య వాసన చూసి, "ఉత్తరాలు అట్ల వాసన వత్తన్నాయే!" అనీవోరు. నాకెంత గర్వమో. పోయే ముందు నా చెయ్యట్టుకుని, "ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. ఆ రోజుకి ఉంచు" అన్నారు.

పదిహేనేళ్లకి అడిగారు. వాణి అని హైదరాబాద్ పిల్ల. పాతకాలం తిరుగుబాటుదార్ల కాగితాలు వెతికి, ఫొటోలు తీసి, పాడవకుండా దాచే పని ఆమెది. ఎలా తెలుసుకుందో మరి, ఫోన్ చేసింది.

"ఉత్తరాలు ఎలా ఉన్నాయి ఆంటీ?"

"బంగారంలా ఉన్నాయమ్మా" అన్నాను.

పెట్టె తెరిచి రెండేళ్లయింది. మోకాళ్ల నొప్పి... ఇవాళ, రేపు అని... చూడకుండానే అనీసాను.

ఆమె వచ్చే ముందు రాత్రి. శ్రావణమాసం, ముసురు. మా ఆయనకి సి షిఫ్టు, తెల్లారి ఆరుకి గానీ రాడు. మంచం కింద గోడవారన ఉంది పెట్టె. "బయటికి లాగి ఎల్లరాదా" అన్నాను.

"పొద్దున్నొచ్చి తీత్తాలే. నీ లీడర్ కహీఁ భాగేగా నహీఁ, ఎక్కడికీ పారిపోడు."

"లీడర్లే వద్దన్న మనిషిని పట్టుకుని లీడరంటావేటి!"

నవ్వుకుంటా సైకిలెక్కి ఎల్లిపోయాడు.

పదకొండు దాటాక కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ఆ రోజెందుకో యార్డు కూడా మూగబోనాది. చూరు నుంచి నీళ్లు... చుక్క... చుక్క...

అప్పుడు.

టిక్.

నీళ్ల చుక్క కాదది. రేకు మీద గోరు. నా మంచం కిందనుంచి.

ఎలకేమో అనుకున్నాను. చెయ్యి కిందకి పెట్టి పెట్టెని తట్టాను. ఆగింది. చెయ్యి తీశాను... టిక్.

ఆంజనేయ దండకం అందుకున్నాను. రెండు ముక్కలు కూడా రాలేదు. నా నోరు దానంతటది ఉత్తరాలందుకుంది. మొదటిది. "మనల్ని ఏలడానికి మంచి దొరను వెతకవద్దు..."

టిక్.

దొర కాదు. మంచివాణ్ణి. "మంచివాణ్ణి వెతకవద్దు. ఏలేవాడి అవసరం లేని రోజును వెతుకు."

నిశ్శబ్దం.

కాకతాళీయమనుకున్నాను. రెండోది చెప్పాను, మూడోది చెప్పాను. చడీ చప్పుడు నేదు. నాలుగో దాంట్లో, "జైలు గోడ కట్టిన చేతులూ మనవే" అని ఉంటాది. కావాలనే తప్పు చెప్పాను. "కట్టిన చేతులూ... వాళ్లవే."

ఒక నిమిషం ఏమీ నేదు...

టిక్.

"మావయ్యా?" అన్నాను. ఆపుదామంటే భయం, చెప్దామంటే భయం. ఏడుస్తానే చెప్పుకుపోనాను. అయిదు. ఆరు. పది. ఆఖరిది మిగిలింది. "నేను దొరికిపోతే ఏడవవద్దు. నా కోసం ఒక్క పని చెయ్యి..."

ఆ పని ఏటి?

తొమ్మిదేళ్లు చదివిన ముక్క. ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు.

టిక్. టిక్. అప్పుడు పెట్టె అడుగునుంచి, నాలుగు పక్కలనుంచి, మూతనుంచి... టిక్‌టిక్‌టిక్‌టిక్... వడగళ్లు పడ్డట్టు. వంద గోళ్లు కొడతన్నట్టు. మంచం కోడులోంచి నా వీపులోకి తెలుస్తంది. తలగడతో చెవులు మూసుకున్నాను. ఎంతసేపో తెలీదు.

తెల్లారి మా ఆయన వచ్చి పెట్టె లాగాడు. అడుగు తుప్పు తినీసింది. గోడ పగులులోంచి మట్టిగీత ఒకటి దాన్లోకి పాకి ఉంది. మూత తీశాడు. తడిమట్టి వాసన. ఉత్తరాల్లేవు. మట్టి. చెదలు. నేను లై రాసి అంటించిన చోట్లలో ఒక్క పీలిక కూడా మిగల్లేదు. లై ముట్టని రెండు ఖాళీ అంచులు మాత్రం ఉన్నాయి. కాపాడుతున్నాననుకుని పిండి పెట్టి మేపింది నేనే.

వాణి వచ్చి ఆ పెట్టె ముందు నేలమీద కూచుండిపోయింది. నన్నొక్క మాట అన్లేదు. అంటే బాగుండును. రాత్రి సంగతి చెప్పాను.

"చెదపురుగులు బెదిరితే తలలు కొట్టుకుంటాయి ఆంటీ. చప్పుడొస్తుంది. అదే అయ్యుంటుంది."

"మరి నేను తప్పు చెప్పినప్పుడే ఎందుక్కొట్టాయమ్మా?"

ఆ పిల్ల ఫోను తీసి నా ముందు పెట్టింది.

నేను చెప్తంటే అందులో నా గొంతు రికార్డు చేసుకుంది. పది ఉత్తరాలూ, పదకొండో దాంట్లో సగం. అయ్యాక మెల్లగా అడిగింది. "ఇవన్నీ ఆయన మాటలేనా ఆంటీ? మీవి కలిసిపోలేదు కదా? కాగితం లేకుండా... ఎవరూ ఒప్పుకోరు."

ఆయనవే అన్నాను. అన్నాను గానీ, ఏది చూపించి అనను?

ఆ ఆఖరి ముక్క ఇప్పుడు నోటికొత్తంది. అదే నాకు నిద్ర నేకుండా చేత్తంది. ఒకరోజు, "ఈ ఉత్తరాలు దాచు" అని వత్తాది. ఇంకోరోజు, "ఈ ఉత్తరాలు కాల్చెయ్యి" అని వత్తాది. రెండూ ఆయన రాసినట్టే ఉంటాయి. రెండూ మావయ్య గొంతులోనే వినబడతాయి. ఆ రాత్రి పెట్టెలో ఉన్నది పురుగులో, మావయ్యో, ఆ అప్పలసామి గారో... ఎవరైతే ఏటి, వాళ్లకి తెలుసు. నాకు చెప్పడానికే అంతలా కొట్టుకున్నారేమో.

నేను చెవులు మూసుకున్నాను.