మొలతాడు కాణీలు

అమలాపురంలో జాకెట్లు కుట్టే షాపు నాది. షాపంటే మా ఇంటి ముందుగదే. పాత నాణేలు పోగెయ్యడం నాకున్న పిచ్చి. అయితే నాణేలు పోగేసేవాళ్ళు నన్ను తమలో కలుపుకోరు. వాళ్ళకి వెండి రూపాయలు కావాలి, తప్పుగా ముద్ర పడ్డ బిళ్ళలు కావాలి. నాకు చిల్లుకాణీలే కావాలి. మధ్యలో గుండ్రంగా బెజ్జం, పైన కిరీటం బొమ్మ ఉండే ఆ రాగి కాణీకి బజార్లో పెద్ద విలువేం లేదు. అందులోనూ అన్నీ నాకు అక్కర్లేదు. దారానికి వేలాడినవే కావాలి.

వెనకటికి పసిపిల్లల మొలతాడుకి చిల్లుకాణీ కట్టేవారు, దిష్టి తగలకుండా. పిల్ల పాకుతున్నా పరిగెడుతున్నా కాణీ దారం మీద ఊగుతూనే ఉంటుంది. ఊగి ఊగి బెజ్జం ఒకవైపు అరిగి కోలగా అవుతుంది. దారం రాగిని కోస్తుందంటే ఎవరూ నమ్మరు. రోజంతా దారంతో బతికేదాన్ని, నాకు తెలుసు. నా మిషను మీద దారం నడిచే ఇనప కొక్కేనికే గాడి పడింది.

నా దగ్గరున్న కాణీల్ని అరుగుదలని బట్టి పేర్చుకున్నాను. పాత స్వీట్ల డబ్బాలో వెల్వెట్ గుడ్డ పరిచి వరసలు. చివరి వరసలో బాగా అరిగినవి, ఏళ్ళ తరబడి ఒక నడుముని అంటిపెట్టుకున్నవి. మొదటి వరసలో గోటితో తడిమితే తప్ప తెలియనంత చిన్న గీత పడ్డవి. కొత్తవాటిలా మెరుస్తాయని మొదటి వరసంటేనే నాకు ముచ్చట. దారం అంత తొందరగా ఎందుకు ఆగిపోయిందని నేనేనాడూ ఆలోచించలేదు.

మా అమ్మ ఆలోచించింది. నేను ఆ డబ్బా తీస్తే చాలు, లేచి వీధిలోకి వెళ్ళిపోయేది. "ఆ మొదటి వరస మీద గుడ్డ కప్పు" అనేది. పెద్దావిడ చాదస్తం అనుకునేదాన్ని.

మా అమ్మతో నాకో పాత తగువుంది. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచి ఎరగదు. "ఓయ్ పొరుగుపిల్లా" అనేది. ఎవరైనా "మీ అమ్మాయాండీ?" అనడిగితే, "కాదండీ, అంతర్వేది వాళ్ళ పిల్ల" అనేది. ఆ చెప్పడం కూడా అడిగినవాళ్ళకి కాదు. వాళ్ళ భుజం మీదుగా, వెనకాల ఇంకెవరో నిలబడి వింటున్నట్టు, గట్టిగా. నా పెళ్ళిపీటల దగ్గరా అదే మాట. వేళాకోళమని అందరూ నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. యాభై దాటాక కూడా ఆవిడ నోట "మా అమ్మాయి" అన్న మాట ఒక్కసారి వినాలని ఉండేది. చెప్పుకోడానికి సిగ్గే గానీ, ఉండేది.

మొన్న వానాకాలంలో అంతర్వేది నుంచి ఒకావిడ వచ్చింది. సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. నాకంటే పదేళ్ళు చిన్నది. నేను చిల్లుకాణీలు కొంటానని బజార్లో ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చిందిట. గుడ్డముడి విప్పి ఒక కాణీ బల్ల మీద పెట్టింది.

"మా అత్తగారు పోయేరండి. ఇది ఆవిడ మొలకి ఉండేదండి. స్నానం చేయించినప్పుడు తీసేం. ఇంట్లో ఉంచుకోబుద్ధి కావట్లేదండి" అంది.

అలాంటి కాణీని నేనెక్కడా చూడలేదు. పసుపుదారం ముక్క ఇంకా దానికే ఉంది. బెజ్జం అరిగి అరిగి అంచుదాకా వచ్చేసింది. సన్నటి రాగిపోగు ఒక్కటే మిగిలింది. పిల్లల మొల మీద ఏ కాణీ ఇంతలా అరగదు. కిరీటం పక్కన, మేకు పెట్టి కొట్టినట్టు రెండు చిన్న సొట్టలు. నా చివరి వరసకి ఇంతకంటే ఏం కావాలి? ఆవిడ అడిగినదానికంటే ఎక్కువే చేతిలో పెట్టి, ఫోన్ నంబరు తీసుకుని పంపించేశాను.

కాణీని మిషను పక్కనే పెట్టుకుని పనిలో పడ్డాను. వాన వెలిసింది. కరెంటు లేదు. ఒక జాకెట్టు చెయ్యి సరిచేస్తూ గుండుసూదులు నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు పెరటివైపు నుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు.

ఒక్కసారే. ఆడగొంతు. బాగా చనువున్న మనిషి, చేతిలో పని వదిలి ఒకసారి ఇలా రా అన్నట్టు. పళ్ళ మధ్య సూదులుండి పలకలేకపోయాను. తల తిప్పి చూస్తే పెరటి తలుపు తెరిచే ఉంది. అవతల కొబ్బరిచెట్లు, కాలవ. గట్టు మీద ఎవరూ లేరు. ఎప్పుడూ గోల పెట్టే కాకులు కూడా ఆ పూట లేవు.

అమ్మేమో అనుకున్నాను. కానీ అమ్మ నన్ను పేరు పెట్టి పిలవదు. పైగా అమ్మ నా ఎదురుగానే, వీధి అరుగు మీద కూచుని తమలపాకుకి సున్నం రాస్తోంది. ఆవిడా వింది. వేలు ఆకు మీదే ఆగిపోయి ఉంది.

"పలికేవా?" అంది.

సూదులు తీసి, "లేదు" అన్నాను.

"నిజం చెప్పు. ఊఁ అని కూడా అన్లేదు కదా?"

"నోట్లో సూదులున్నాయే అమ్మా!"

ఆవిడ లేచొచ్చి పెరటి తలుపు గడియ పెట్టింది. తిరిగొస్తూ కాణీని చూసింది. ముట్టుకోలేదు. వంగి ఆ రెండు సొట్టల్నీ చూసింది. ఇది ఇంట్లోకి ఎలా వచ్చిందని అడిగితే, జరిగింది చెప్పాను. అంతర్వేది ఆవిడ అత్తగారు పోయిందన్న మాట వినగానే అమ్మ నేల మీద కూచుని, ఇన్నేళ్ళూ దాచిన సంగతి చెప్పింది.

నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారని తెలుసు. ఎలా పోయారో ఆ రోజే విన్నాను. ఏ జబ్బూ లేదుట. పోయే ముందురోజు, పట్టపగలు, పెరట్లోంచి ఎవరో బిడ్డని పేరు పెట్టి పిలిచారుట. పాకే వయసు. అటు తిరిగి నవ్వుతూ ఊఁ కొట్టిందిట మొదటిది. రెండోవాడూ అంతే. అందుకని నేను పుట్టగానే, ఎండుచేపలు అమ్ముకోడానికి వచ్చే అంతర్వేది ఆవిడకి, అంటే ఇప్పుడు పోయిన ఆ అత్తగారికి, అమ్మ నన్ను అమ్మేసింది. చేటెడు నూకలకి. బిడ్డలు దక్కని తల్లులు ఇలా పేరుకి అమ్మి, తామే పెంచుకుని, పెళ్ళినాడు చీర పెట్టి తిరిగి కొనుక్కోవడం మావైపు వింతేం కాదు. ఆవిడ నా మొలతాడుకున్న కాణీని కొన్న గుర్తుగా విప్పుకుని తన మొలకి కట్టుకుంది. అది ఆవిడ దగ్గరున్నంతకాలం నేను ఆవిడ పిల్లని. ఆ రెండు సొట్టలూ ముందుపోయిన ఇద్దరివీ. కంసాలి చేత అమ్మే కొట్టించింది.

"మరి నా పెళ్ళినాడు తిరిగి కొనుక్కోలేదేం?" అన్నాను.

"ధైర్యం చాల్లేదే. నాకు పిల్లల్లేరని దానికి తెలియాలి. అందుకే ఇన్నేళ్ళూ అందరికీ గట్టిగా చెప్పుకొచ్చేను."

"దేనికి తెలియాలి?"

అమ్మ గడియ పెట్టిన తలుపు వైపు చూసింది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కాణీ ఇల్లు చేరింది కదా, ఇప్పుడైనా నన్ను మా అమ్మాయి అనవే అని అడుగుదామని నాలిక చివరిదాకా వచ్చింది. అడిగితే అనేదేమో. కానీ ఆవిడ నా మొహం చూడకుండా నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని కూచుంది, నేనెక్కడికో లేచిపోతున్నట్టు. అడగలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే కాణీ పట్టుకుని అంతర్వేదికి బయల్దేరాం. వెళ్ళేముందు డబ్బా తీసి మొదటి వరస మీద గుడ్డ కప్పాను. ఆ గీతలు పడ్డంతకాలమే ఆ పిల్లలు పాకి ఉంటారని అప్పటికి గానీ నాకు తట్టలేదు. షాపులోంచి మెత్తటి పట్టుదారం ఒక ఉండ సంచీలో వేసుకున్నాను.

రాజోలు మీదుగా అంతర్వేది చేరేదాకా అమ్మ నా మణికట్టు వదల్లేదు. ఆ కోడలు వాకిట్లో చిరిగిన వల బాగుచేస్తోంది. అమ్మ చెప్పిందంతా విని ఆవిడ నవ్వలేదు సరికదా, చేతులు జోడించింది.

"అమ్మో, తెలీక అమ్మేసేనండి. పోయేముందు అత్తగారు ఏదో చెప్పబోయేరండి. మాట పడిపోయింది కదండీ, ఈ కాణీ పట్టుకుని ఊపుతానే ఉన్నారు."

లోపలికెళ్ళి చేటలో నూకలు తెచ్చింది. అమ్మ కొంగు పట్టింది. యాభై దాటిన నేను, మోకాళ్ళ నొప్పులదాన్ని, వాళ్ళిద్దరి మధ్యా అమ్ముడుపోడానికి నిలబడ్డాను. నాకంటే చిన్నది నాకు అమ్మ కాబోతోంది. నవ్వొచ్చింది గానీ, నవ్వితే అమ్మ ఊరుకోదు.

కాణీకి పట్టుదారం నేనే ఎక్కించాను. కోడలు దాన్ని వెలుగులో పెట్టి, మిగిలిన ఆ సన్నటి పోగుని చూసింది.

"ఇదింకెన్నాళ్ళు ఆగుద్దండీ?"

"పట్టుదారం తక్కువ కోస్తుంది. అమ్మ ఉన్నన్నాళ్ళు ఆగితే చాలు" అన్నాను.

ఆవిడ దాన్ని తన మొలకి కట్టుకుంది. "ఇంక నా పిల్లేనండి. జాగర్తగా పెంచండి" అంది అమ్మతో.

"ఆయ్" అంది అమ్మ, బుద్ధిగా.

తిరిగొచ్చేటప్పుడు బస్సు బోడసకుర్రు వంతెన ఎక్కింది. కింద వరదగోదారి ఎర్రగా, చప్పుడు లేకుండా పోతోంది. పక్క సీటావిడ అమ్మ ఒళ్ళో నూకల మూటని చూసి, నన్ను చూసి, "మీ అమ్మాయాండీ?" అని అడిగింది.

అమ్మ ఆవిడ వైపు కాదు, కిటికీ వైపు తిరిగింది.

"కాదండీ" అంది గోదారికి వినపడేలా. "అంతర్వేది వాళ్ళ పిల్ల. నాకు పిల్లల్లేరండి."

కొంగు కింద నా చెయ్యి పట్టుకునే ఉంది. గాజులు ఒత్తుకుని నొప్పెడుతున్నా నేను చెయ్యి తీసుకోలేదు. నేనూ కిటికీ వైపే తిరిగాను.

"ఆయ్, అవునండీ" అన్నాను, అమ్మకంటే గట్టిగా. "నేను ఈవిడకేం కానండి."