వెబ్‌సైట్ల పుస్తకం, అరవయ్యో పేజీ

అచ్చు పనిలో ఒక మొండి లెక్క ఉంది. మేం వేసే చిన్న పుస్తకాలకు ఒక ఫారం అంటే పదహారు పేజీలు. నాలుగు ఫారాలు వేస్తే అరవై నాలుగు. చేతిలో యాభై అయిదు పేజీల సరుకే ఉంటే మిగతా తొమ్మిదీ తెల్లగా వదిలెయ్యాలి, లేదంటే ఏదో ఒకటి రాసి నింపాలి. నరసరావుపేటలో మా మేనమామ ప్రెస్సులో నేను డీటీపీ చేసిన ఆరేళ్లలో తెల్ల పేజీతో బయటికి వెళ్లిన పుస్తకం ఒక్కటి కూడా లేదు. వంటల పుస్తకానికి తక్కువైతే ఇంటి చిట్కాలు, కలల ఫలితాలకు తక్కువైతే బల్లి శాస్త్రం. అన్నీ నేనే అల్లేదాన్ని. పేజీలు నింపడంలో మా అమ్మాయిని మించినవాళ్లు లేరని మామయ్య నలుగురిలో చెప్పేవాడు. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఊరికి ఇంటర్నెట్ వచ్చింది. స్టేషన్ రోడ్డులో ఒక సెంటర్ పెట్టారు. నాలుగు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. వెళ్లి కూర్చున్నాక ఏం కొట్టాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఒక పదం కొడితే వెతికిపెట్టే సైట్లు అప్పటికే ఉన్నాయి గానీ, ఆ సంగతి మా వైపు తెలిసినవాళ్లు తక్కువ. అందుకే వెబ్‌సైట్ల చిరునామాలన్నీ ఒకచోట అచ్చేసిన పుస్తకాలు వచ్చాయి. టెలిఫోన్ డైరెక్టరీ లాంటివే. చదువులు, ఉద్యోగాలు, దేవస్థానాలు, పెళ్లి సంబంధాలు, ఆరోగ్యం అని భాగాలు చేసి, ఒక్కో చిరునామా కింద అందులో ఏముంటుందో రెండు మూడు లైన్లు రాసేవాళ్లు. బజారులో ఉన్నవన్నీ ఇంగ్లీషువి. తెలుగులో మనమే వేద్దామన్నాడు మామయ్య.

"బస్టాండ్లలో పెడితే చాలు, అయ్యే పోతయ్యి. వారంలో కానిచ్చెయ్ అమ్మాయ్," అన్నాడు.

పేపరు కత్తిరింపులు, రెండు ఇంగ్లీషు పుస్తకాలు ముందేసుకుని కొట్టుకుంటూ పోయాను. ప్రెస్సులో ఇంటర్నెట్ లేదు. ఒక్కో చిరునామా పనిచేస్తుందో లేదో చూడాలంటే స్టేషన్ రోడ్డుకు వెళ్లాలి, అక్కడ ఒక పేజీ తెరుచుకునే లోపు కాఫీ తాగి రావచ్చు. సరిచూద్దామా మామయ్యా అని ఒకసారి అడిగాను.

"ఏంది చూసేది? పెట్టెయ్. ఎవడొచ్చి అడుగుతాడు మనల్ని?"

నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే అడిగాను. సరుకు యాభై అయిదో పేజీతో అయిపోయింది. మిగిలిన తొమ్మిది పేజీలూ ఒక్క మధ్యాహ్నంలో నింపేశాను. మనిషికి ఫలానా అవసరం ఉందంటే దానికో సైటు ఉండే ఉంటుంది కదా అనుకోవడం, ఆ అవసరాన్ని ఇంగ్లీషులో రాసి ముందు మూడు డబ్ల్యూలు, వెనక చుక్క పెట్టి కామ్ తగిలించడం. మిరప ధరలు, పశువుల జబ్బులు, పాము కాటు, పాత నాణేలు. అరవయ్యో పేజీకి వచ్చేసరికి బుర్రలో ఏమీ మిగల్లేదు. ఎదురుగా పేపర్లో ఒక పెద్దాయన ఫోటోతో 'కనబడుటలేదు' ప్రకటన ఉంది. 'తప్పిపోయినవారి ఆచూకీ' అని పెట్టాను. దేశంలోని అన్ని ఆస్పత్రుల్లో, పోలీసు స్టేషన్లలో ఉన్న ఊరూ పేరూ తెలియనివారి ఫోటోలు ఇందులో చూడవచ్చని రాశాను. అప్పటికీ పేజీ అడుగున ఒక లైను ఖాళీ కనిపించింది. 'ప్రతి వారం కొత్త వివరాలు చేరుస్తారు' అని దాన్నీ పూరించి, చేతులు దులుపుకుని ఇంటికి వెళ్లాను.

పుస్తకం వెళ్లిన రెండు నెలలకు, ఒక సోమవారం ఉదయం ఒకాయన ప్రెస్సుకు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఎండకు నల్లబడిన మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా. చేతిలో మా పుస్తకం, దానికి పాత కాలెండరు కాగితంతో అట్ట వేసుకున్నాడు. ముప్పై రెండు పేజీలైనా ఎవరూ పూర్తిగా చదవని మా పుస్తకాలకు అట్ట వేసినవాణ్ణి నేను చూడటం అదే మొదలు.

"ఈ పుస్తకం ఏసింది ఈడేనా అమ్మా?"

అవునన్నాను. స్టూలు చూపించాను. నడికుడిలో రైల్వే కీమ్యాన్‌నని చెప్పాడు. రోజూ పట్టాల వెంట సుత్తి పట్టుకుని మైళ్ల కొద్దీ నడుస్తూ, కీలనే ఇనప చీలలు వదులైతే బిగించుకుంటూ పోయే ఉద్యోగం. వారానికి ఒక్కరోజు, సోమవారం, సెలవు. అతని తమ్ముడు ఇంట్లో మాటా మాటా అనుకుని కట్టుబట్టలతో రైలెక్కి వెళ్లిపోయి నెల దాటింది. గుంటూరు బండి ఎక్కాడని ఎవరో చెబితే, అటువైపు ఆస్పత్రులన్నీ, స్టేషన్లన్నీ వెతికాడు. ఎక్కడా లేడు. పిడుగురాళ్ల బస్టాండులో మా పుస్తకం దొరికింది. అరవయ్యో పేజీ చూసి, పోయిన సోమవారం, మళ్లీ ఈ సోమవారం స్టేషన్ రోడ్డు సెంటరుకు వచ్చాడు.

"రెండుసార్లూ ఇదే వొచ్చిందమ్మా. ఆ సెంటరాయన సర్వర్ డౌన్ అంటాడు, మళ్లా రమ్మంటాడు. ఇందులో మావోడి సంగతేమన్నా ఉందేమో చదివి చెబుతావని వొచ్చా."

జేబులోంచి నోటుపుస్తకం కాగితం తీసి ఇచ్చాడు. కంప్యూటరు తెర మీద వచ్చిన ఇంగ్లీషును ఒక్కో అక్షరమే చూసి, బొమ్మ గీసినట్టు రాసుకొచ్చాడు. పేజీని చూపించలేకపోతున్నాం, తర్వాత మళ్లీ ప్రయత్నించండి. లేని చిరునామా కొడితే ఏ కంప్యూటరైనా చెప్పే మాట అది. అతను దాన్ని జవాబు అనుకున్నాడు. ఎక్కడో ఒక ఆఫీసులో కూర్చున్నవాళ్లు తన తమ్ముడి గురించి రాసి పంపారనుకున్నాడు.

మామయ్య అద్దాల మీదుగా మా వైపే చూస్తున్నాడు. ఆయన ఉండబట్టే నోరు మెదపలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆయన లేకపోయినా చెప్పి ఉండేదాన్ని కాదు. ఇది నేను కూర్చుని అల్లిన కథ అని ఆ మనిషి మొహం చూసి అనడానికి నాకు ధైర్యం లేదు.

"ఇప్పుడు చూపించలేమని, తర్వాత మళ్లీ చూడమని ఉందన్నా," అన్నాను.

"అంటే చూపిత్తారన్నమాటే గదా?"

"మళ్లీ చూడమనైతే ఉంది."

"వారం వారం కొత్తయి పెడతారని మీరే రాశారుగా. అయితే సోమారం సోమారం వొత్తాను." కాగితం మడిచి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. లేచేటప్పుడు కాస్త తేలిక పడ్డట్టు కనిపించాడు. "అసలు కృష్ణ అవతలికి పోదామనుకున్నానమ్మా. ఆ పక్క ఆస్పత్రులు ఇంకా చూడలా. పాసుంది, గంట ప్రయాణం, పోవచ్చు. కానీ ఉండేది ఒక్క సెలవు. అన్ని ఆస్పత్రులూ ఇందులోనే కనపడేటప్పుడు ఆ తిరుగుడెందుకు?"

ఎలాగూ సెలవే కదా, ఒకసారి అటు వెళ్లి రా అన్నా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. పుస్తకం సంగతి బయటపెట్టనక్కర్లేదు, నా పరువూ పోయేది కాదు. ఆ మాట నాకు తట్టకపోలేదు. తట్టింది, నాలుక దాకా వచ్చింది. మరి సైటు ఉండగా ఎందుకమ్మా అని అడిగితే ఏం చెప్పాలో తెలియక మింగేశాను.

ఆ తర్వాత ప్రతి సోమవారం సెంటరుకు వెళ్లి, తిరిగి బస్సెక్కే ముందు ప్రెస్సు గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. "ఇయ్యాళ కూడా అదేనమ్మా," అనేవాడు. నేను కంప్యూటరు వెనక తల దాచుకునేదాన్ని. పదిన్నర కొడితే ఏదో పని కల్పించుకుని బయటికి పోయేదాన్ని. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు అతని మీద కోపం వచ్చేది. అచ్చులో ఉంటే మాత్రం ఇంత గుడ్డిగా నమ్మాలా, నలుగురిని అడగొద్దా అని లోపల తిట్టుకునేదాన్ని. ఒకరోజు నేనే సెంటరుకు వెళ్లి ఆ చిరునామా కొట్టి చూశాను. ఎవరైనా పుణ్యాత్ములు ఈలోగా నిజంగానే అలాంటి సైటు పెట్టి ఉంటారేమోనని ఒక పిచ్చి ఆశ. అతని కాగితంలో ఉన్న మాటలే వచ్చాయి. ఆ తెర ముందు కూర్చుని ఏడ్చాను, కళ్లు తుడుచుకుని వచ్చి ఎవరిదో పెళ్లి కార్డు కంపోజు చేశాను.

ఒకసారి మామయ్య కూడా మెత్తబడ్డాడు. "చెప్పెయ్యరాదంటే, పాపం," అన్నాడు. నువ్వే చెప్పు మామయ్యా అన్నాను. ఇద్దరిలో ఎవరమూ చెప్పలేదు.

తర్వాత ఒక గురువారం వచ్చాడు. సోమవారం కాని రోజున అతన్ని చూడగానే నాకు అర్థమైంది. నది అవతలి ఊళ్లో పనిచేసే తోటి రైల్వే మనిషి ఒకడు, అక్కడి రైల్వే పోలీసుల దగ్గర గుర్తు తెలియని శవాల ఫోటోల ఆల్బం తిరగేస్తూ తమ్ముణ్ణి గుర్తుపట్టి కబురు చేశాడట. తమ్ముడు ఎక్కింది గుంటూరు బండి కాదు, కృష్ణ దాటే బండి; ఇల్లు వదిలిన రోజే అందులోంచి జారిపడ్డాడు. తలకు దెబ్బ తగిలి మాట పోయింది. ఆ ఊరి సర్కారు ఆస్పత్రిలో పేరు చెప్పలేక, మంచం నంబరే పేరుగా రెండు నెలలు పడుకున్నాడు. పోయాక ఎవరూ రాకపోతే వాళ్లే పూడ్చిపెట్టారు.

"పెద్దకర్మ కార్డులు ఏయాలమ్మా. శవం లేకపోయినా కర్మ జరగాలిగా."

వివరాలు చెప్పాడు, కొట్టాను. చనిపోయిన తేదీ అడిగాను. ఆస్పత్రి కాగితం తీసి ఇచ్చాడు. గోడ మీద కాలెండరు వైపు చూడకుండా ఉండలేకపోయాను. నేను అతనికి ఆ ఇంగ్లీషు చదివి చెప్పిన సోమవారం తర్వాత ఇరవై రెండో రోజు. నేను చదివి చెప్పేటప్పుడు ఆ తమ్ముడు బతికే ఉన్నాడు. ఆ తర్వాత ఇంకో మూడు సోమవారాలు కూడా బతికే ఉన్నాడు.

కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను. ఇక ఆగలేకపోయాను.

"అన్నా, ఆ సైటు లేదు. ఎప్పుడూ లేదు. పేజీలు తక్కువైతే నేనే కల్పించి రాశాను. నువ్వొచ్చిన మొదటి రోజే నాకు తెలుసు. చెప్పలేదు."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. అతను, ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెడుతున్నట్టు, మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"నాకోసం నీ మీదేసుకోమాక తల్లీ. అచ్చులో ఉండేదాన్ని నువ్వెట్టా కల్పిత్తావు?"

"నిజం అన్నా. మా అమ్మ మీద ఒట్టు."

అతని మొహం మారిపోయింది.

"అట్టా అనమాకమ్మా. నీకు దణ్ణం పెడతా, అట్టా మాత్రం అనమాక. అది లేదంటే, ఆ పదకొండు సోమారాలు నేను ఈడ ఏం జేసినట్టు?"

తుండుతో మొహం తుడుచుకుని, కార్డులు సాయంత్రానికి అవుతాయా అని అడిగాడు. అవుతాయన్నాను. తేదీ దగ్గర ఆపిన లైను పూర్తిచేసి, ప్రూఫు తీసి అతని చేతికిచ్చాను. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదువుకుని, అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా అన్నాడు.