భట్టిలో ముదిరిన జాలీబుట్ట

నా తలకాయ ఇనుముదని, అందులోకి ఏమీ ఎక్కదని ఏడో తరగతిలో మా సారు తేల్చేశాడు. ఇనుమైతే ఇనుము కాడికే పోదామని బడి మానేసి, సూరత్ వచ్చి వెల్డింగ్ పట్టుకున్న.

సూరత్ పక్కనున్న సచిన్ అనే ఊళ్లో మా కార్ఖానా పని, యంత్రాల సామాన్లను భట్టిలో కాల్చి గట్టిపరచడం. భట్టిలో వాటిని మోసే కడ్డీల అల్లిక బుట్టే జాలీబుట్ట. దానిది నికెల్ ఎక్కువ కలిపిన లోహం. ఏండ్ల తరబడి ఎర్రటి మంటలో అంత బరువు మోసినా వంగలేదు. మా సేఠ్ కన్నా దానిమీదే నాకు గౌరవం.

ఒకరోజు చల్లారిన బుట్ట కొక్కెం నుంచి జారి, మూరెడు ఎత్తునుంచి పడి, గాజుగిన్నె లెక్క పగిలింది. వెల్డింగ్ చేసిన. అతుకు చల్లారుతుంటే పక్కనే టక్‌మని కొత్త పగులు. ఇంకా మందంగా చేసిన. మళ్లీ టక్.

"నీ చెయ్యి పోయింది. ఇంకో వెల్డర్‌ను చూస్కుంటా" అన్నాడు సేఠ్ హిందీలో.

నేను బుట్టను తెలుగులో తిడుతుంటే వెనక నవ్వు వినపడింది. హజీరాలోని ఫ్యాక్టరీ నుంచి సామాను కాల్పించడానికి తెచ్చిన ఇంజనీరు మేడం, మన దిక్కు మనిషే.

"దాన్నేం తిడుతవన్నా? ముసల్ది అయిపోయింది."

"నేను గూడ అయిన మేడం. పగులుతున్ననా?"

ఆమె బుట్ట పక్కనే కూర్చుని చెప్పింది. ఏండ్లకేండ్లు వేడిలో ఉంటే లోహం లోపల గట్టి రేణువులు పుట్టి పెరుగుతాయట. ఎర్రగా ఉన్నంతసేపు బరువు మోస్తుంది గానీ, చల్లారితే సాగే గుణం ఉండదు. అతుకు చల్లారుతూ ముడుచుకుని గుంజితే పక్క లోహం సాగలేక పగులుతుంది.

"నీ చేతి తప్పు గాదు. ముందు దీన్ని ఇంకా ఎక్కువ వేడిలో ఉంచి, జల్ది చల్లార్చు. రేణువులు కరిగిపోతయి. కొత్తదైతే గాదు గని, అతుకు ఆగుతది."

వేడికి ముదిరినదానికి మందు ఇంకింత వేడి! సేఠ్‌ను ఆమే ఒప్పించింది. పెద్ద భట్టిలో పెట్టి, తీసి, ఫ్యాన్ల గాలికి చల్లార్చి, మర్నాడు అతికిన. సేఠ్‌తో సహా అందరం ఊపిరి బిగబట్టి విన్నం. టక్ లేదు. సేఠ్ నాకు చాయ్ తెప్పించిండు.

కాల్చిన సామాను తీసుకోవడానికి మళ్లీ వచ్చిన మేడంను అడగకుండా ఉండలేకపోయిన.

"మేడం, నా తలకాయ గూడ ఏండ్లసంది భట్టి కాడ కాలుతున్నది. గిట్లనే పెద్ద భట్టిల పెడితే బాగైతదా?"

"కరగాలంటే లోపల ఏమన్న ఉండాలె గదన్నా" అన్నది.